ఆమ్ల క్షారముల సంధి

నూతన దంపతులు తొలిసారి గడప దాటునపుడు ముత్తైదువలు ఎఱ్ఱనీళ్ళతో దిష్టి తీయుట మీరు చూచియే యుందురు. ఆ నీటికి ఆ యెఱుపెక్కడిది? పసుపు పచ్చనిది, సున్నము తెల్లనిది. ఆ రెండును నీటిలో కలియగనే ఎఱ్ఱదనము పుట్టును. అందు నిమ్మరసము కొంచెము కొంచెముగా పిండుచు పోయినచో ఎఱుపు తొలగి, మరల పసుపువన్నె తోచును. ఈ రంగుల మార్పు వెనుక రసాయనశాస్త్రమునందలి యొక ముఖ్యసూత్రము దాగియున్నది.

నిమ్మపండు, చింతపండు, పెరుగు మొదలగువాని పులుపునకు కారణము ఆమ్లములు. సున్నపునీరు, కాస్టిక్ సోడా ద్రావణము మొదలగునవి క్షారములు. ఆమ్లము నీలి లిట్మస్ కాగితమును ఎఱ్ఱగాను, క్షారము ఎఱ్ఱ లిట్మస్ కాగితమును నీలముగాను మార్చును. పసుపు క్షారమును మాత్రము చూపగల సూచిక. నిమ్మరసములోని ఆమ్లము సున్నపు క్షారగుణమును అణచుటచేతనే పసుపు తన పూర్వపు వన్నెను పొందినది. ఇట్లు ఆమ్లమును క్షారమును కలిసి, తమ గుణములను కోల్పోయి, లవణముగను నీరుగను మారుటను తటస్థీకరణ మందురు.

హైడ్రోక్లోరికామ్లము ఇనుమును తినివేయును. కాస్టిక్ సోడా చర్మమును కాల్చును. అట్టి యీ రెంటిని నీటిలో సరియైన కొలతతో కలిపినచో ఏర్పడునది మనము కూరలో వేసికొను ఉప్పే! 36.5 గ్రాముల ఆమ్లమునకు 40 గ్రాముల కాస్టిక్ సోడా కావలెను. అప్పుడు 58.5 గ్రాముల ఉప్పును, 18 గ్రాముల నీరును క్రొత్తగా ఏర్పడును. కూడి చూడుడు: రెండువైపులను 76.5 గ్రాములే. ఆమ్లమే గాని క్షారమే గాని కొలతకు మించినచో, ఆ మించిన భాగము తన తీవ్రతను విడువక అట్లే మిగిలిపోవును.

దీని మర్మమును స్వీడను దేశీయుడగు స్వాంటే అర్హీనియస్ వివరించెను. నీటిలో ఆమ్లము ధనావేశముగల హైడ్రోజన్ అయానులను, క్షారము ఋణావేశముగల హైడ్రాక్సైడ్ అయానులను విడుచును. ఇవి జతగూడి నీరగును. మిగిలిన సోడియము, క్లోరైడు అయానులు, నీటిని మరిగించి ఆవిరి చేసినపుడు, ఉప్పుగా పేరుకొనును. అయానులను గూర్చి అర్హీనియస్ 1884లో సమర్పించిన వ్యాసమును ఉప్సాలా విశ్వవిద్యాలయ పండితులు అంతగా మెచ్చలేదు. కాని 1903లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

మన జీర్ణకోశములో ఊరునదియు హైడ్రోక్లోరికామ్లమే. దానివలన ఛాతిలో మంట పుట్టినపుడు వైద్యులు మెగ్నీషియం హైడ్రాక్సైడు వంటి తేలికపాటి క్షారము గల మందు నిత్తురు. ఆమ్లగుణము హెచ్చిన నేలలో రైతులు సున్నము చల్లి, దానిని పైరునకు అనుకూలముగా చేయుదురు.

అయితే ఒక హెచ్చరిక. ఈ సంధి జరుగునపుడు వేడి పుట్టును. కావున చర్మముపై ఆమ్లము పడినచో, దానిని అణతుమని క్షారమును పోయరాదు. ఆ వేడి గాయమును మరింత పెంచును. వెంటనే ధారగా పడు నీటితో చాలసేపు కడిగి, పెద్దలకు తెలిపి, వైద్యునికడ కేగవలెను. ప్రయోగశాలలోని ద్రవములను ఉపాధ్యాయుని అనుమతి లేక ముట్టరాదు. ఎన్నడును రుచి చూడరాదు. ఈ సూత్రమును కన్నులార చూచుటకు చిటికెడు పసుపు, కొంచెము సున్నపుతేట, ఒక నిమ్మకాయ చాలును.