ట్రాక్టర్ కొలతల పికప్

ఫోర్డ్ పికప్ బండిని మొదట తయారుచేసింది కంపెనీ కాదు, రైతు. అమెరికాలో ఫోర్డ్ మోడల్-టీ కారు కొన్నవాళ్లు దాని వెనక భాగం పీకేసి, చెక్కపెట్టె బిగించుకొని పంట మోసేవారు. అది గమనించిన ఫోర్డ్ కంపెనీ 1925లో ఆ పెట్టెను తానే ఇనుముతో చేసి, బండిని 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. నల్లగొండ బత్తాయి తోటల వైపు ఏ వెల్డింగ్ షాపు ముందు నిలబడ్డా ఇదే వరస కనిపిస్తుంది. బండి కంపెనీ నుంచి వస్తుంది. దాన్ని తమ పంటకు తగ్గట్టు మలుచుకునేది ఇంటివాళ్లు.

నకిరేకల్ దగ్గర మా మేనమామ ఇంట్లో అలాంటి మహీంద్రా పికప్ ఒకటుంది. ఏపీ 24 నంబరు, డీఐ ఇంజన్. చాలాకాలం చింతచెట్టు కింద పడి ఉంది. తుక్కు కింద అమ్మేద్దామని మామ అనుకున్నాడు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివిన మా బావ పడనివ్వలేదు. "ఛాసిస్ మంచిగుంది నాయినా, ఛాసిస్ ఉంటే బండి ఉన్నట్టే" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే ఈ బండి వంశం తెలియాలి.

1940లో అమెరికా సైన్యానికి ఎటైనా పోగల తేలికపాటి బండి కావలసివచ్చింది. నమూనా చూపడానికి ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించి, సెప్టెంబరులో గడువులోపే బండి అప్పగించింది. పెద్ద ఎత్తున తయారీ మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీల చేతికి వెళ్లింది. విల్లీస్ ఇంజన్ 2199 సీసీ, 60 హార్స్ పవర్.

ఆ జీపును మన దేశంలో బిగించడానికి పూనుకున్నది 1945లో పుట్టిన మహీంద్రా అండ్ మొహమ్మద్ కంపెనీ. మహీంద్రా సోదరులతో కలిసిన ఆ మూడో భాగస్వామి మాలిక్ గులామ్ మొహమ్మద్ అంతకుముందు మన హైదరాబాద్ సంస్థానంలోనే నిజాం కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూసినవాడు. దేశవిభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ ఆర్థిక మంత్రి, ఆపైన గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది.

పాత మహీంద్రా జీపుకు బానెట్ అంత ఎత్తుగా ఎందుకుంటుంది? చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఈ ప్రశ్న చాలామందికి రాదు. మొదటి విల్లీస్ ఇంజన్‌లో వాల్వులన్నీ బ్లాకులోనే, సిలిండర్ల పక్కన ఉండేవి. గాలి మలుపులు తిరిగి లోపలికి రావాలి కాబట్టి శక్తి తగ్గేది. తర్వాతి ఇంజన్‌లో గాలి పీల్చే వాల్వులను తలమీదికి మార్చారు. అదే బ్లాకు, అవే 2199 సీసీలు, శక్తి మాత్రం 72 హార్స్ పవర్‌కు చేరింది. దానితోపాటు ఇంజన్ ఎత్తూ పెరిగింది. అది లోపల పట్టడానికి 1953లో సీజే-3బీ జీపుకు బానెట్ పైకి లేపారు. మన ఊళ్లకు దశాబ్దాల పాటు వచ్చింది ఆ రూపమే. యంత్రం ముఖం చూస్తే లోపలి అవసరం తెలిసిపోయే ఇలాంటి నిజాయితీ నాకు చాలా ఇష్టం.

జీపు నుంచి పికప్‌కు దారి కూడా విల్లీస్ దగ్గరే మొదలైంది. ఎఫ్‌సీ-150 అనే బండిలో డ్రైవర్‌ను ముందుకు జరిపి, ఇంజన్‌ను సీట్ల మధ్యకు తెచ్చి, వెనకంతా సరుకుకు వదిలేశారు. 1960లలో మహీంద్రా దాన్ని ఇక్కడ తయారుచేసింది. ఎండాకాలం ఆ ఇంజన్ పక్కన కూర్చుని బండి నడిపినవాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

పెట్రోలు ధర పెరిగేకొద్దీ అసలు మార్పు డీజిల్‌తో వచ్చింది. 1980లలో మహీంద్రా జీపుల్లో ఫ్రెంచి ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీది, పెట్టారు. అందులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. పక్కనున్న చిన్న గదిలో పడి, అక్కడ సుడి తిరిగే వేడిగాలిలో అంటుకొని బయటికి వస్తుంది. ఇంజన్ మెత్తగా నడుస్తుంది కానీ ఆ గది గోడలు వేడిని మింగేస్తాయి. అందుకే పొద్దున్నే హీటర్ ప్లగ్గు కాలేదాకా ఆగాలి. తర్వాత వచ్చిన డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్‌లో ఆ గదే లేదు. పిస్టన్ తలలో తవ్విన గుంటలోకే డీజిల్ చిమ్ముతుంది. వేడి వృథా తక్కువ, డీజిల్ ఖర్చు తక్కువ, మోత ఎక్కువ.

ఆ డీఐ ఇంజన్ బోరు 88.9 మిల్లీమీటర్లు, స్ట్రోకు 101.6. అంగుళాల్లోకి మార్చితే సరిగ్గా మూడున్నర, నాలుగు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బ్రిటన్‌లో చేసిన బీడీ-154 అనే ట్రాక్టర్ ఇంజన్ కొలతలు సరిగ్గా ఇవే. మహీంద్రా ట్రాక్టర్ల తయారీ 1960లలో ఆ కంపెనీతోనే మొదలైంది. దున్నడానికి అనువైన పొడవు స్ట్రోకు, తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు మన పికప్‌కు అలా దక్కాయి. మామకు పికప్ ఇంజన్ కొత్తగా అనిపించకపోవడానికీ అదే కారణం. జీవితమంతా ట్రాక్టర్ విప్పి బిగించిన చేతులు ఆయనవి.

బాడీని ఛాసిస్ నుంచి విడదీయడం ఇంటిల్లిపాదీ చేయాల్సిన పని. ఈ బండికి నిచ్చెన ఆకారపు ఛాసిస్ ఉంటుంది, క్యాబిన్, ట్రే రెండూ దానిమీద బోల్టులతో కూర్చుంటాయి. నల్లగొండ పొడి నేల కాబట్టి తుప్పు అంతగా తినదు. ట్రే అతుకుల్లో యూరియా రాలి, వానకు కరిగిన చోట మాత్రం రేకు జల్లెడైంది. బావ అక్కడివరకే కోసి, కొత్త రేకు అతికాడు.

హెడ్డు విప్పినప్పుడు సిలిండర్ పైఅంచున గోరుకు తగిలే మెట్టు కనబడింది. పిస్టన్ పైకి వచ్చి ఒక్క క్షణం ఆగి దిగే చోటు అది. కదలిక ఆగగానే నూనె పొర పలచబడుతుంది, వేడీ ఒత్తిడీ అక్కడే ఎక్కువ, రింగు అక్కడే ఎక్కువగా అరగదీస్తుంది. సూర్యాపేటలో లేత్ షాపు చూసుకొని బోరు పని చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేశారు.

అయితే బండి మూలన పడింది అరుగుదల వల్ల కాదు. రేడియేటర్ కోసి చూస్తే సన్న గొట్టాలన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి, నీళ్లు కాగే కాగు అడుగున పేరుకునే సున్నంలాగే. "ఇంజన్‌ది కాదు తప్పు, బోరు నీళ్లది" అన్నాడు మామ. మన రాతినేల బోర్లలో కరిగిన లవణాలు ఎక్కువ. వేడెక్కినప్పుడు కాల్షియం కార్బొనేటై గొట్టాలకు పట్టుకుంటాయి. రాగి, ఇత్తడి సులువుగా వదిలే వేడిని ఆ పొర ఆపేస్తుంది. చివరికి హెడ్డు గ్యాస్కెట్ కాలిపోతుంది. ఇప్పుడా బండిలో కూలెంట్ తప్ప బోరు నీళ్లు పడవు.

కమాన్ పట్టీల దగ్గర తండ్రీకొడుకులకు వాదన జరిగింది. బరువు బాగా ఆగాలని మామ మందమైన పట్టీ అడిగాడు. పట్టీ మందం రెట్టింపైతే బిగువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఖాళీ బండి గుంతలో ఎగిరితే బ్రేకు పట్టే టైరే నేల వదిలేస్తుంది. బావ మందం పెంచకుండా పాత పట్టీలకే వంపు తిరిగి పెట్టించాడు. ఆ వాదనలో నేను బావ పక్షం.

మా అత్తమ్మ పని వేరు. సీట్ల రెగ్జిన్ కుట్టింది, అంతకన్నా ముఖ్యంగా ట్రే చుట్టూ తాడు కొక్కేలు ఎక్కడుండాలో చెప్పింది. గడ్డి పరచి బత్తాయి పోసినప్పుడు టార్పాలిన్ కట్టేది ఆవిడే మరి. ఎత్తుగా పోసుకోవడానికి ఒకప్పుడు వెల్డింగ్ చేయించిన యాంగిల్ ఫ్రేము మాత్రం తీసేశారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. ఎత్తు పెరిగితే బరువు కేంద్రం పైకి పోతుంది, మలుపులో బండి పల్టీ కొడుతుంది. ఈ విషయంలో చట్టం, భౌతికశాస్త్రం ఒకే మాట చెబుతున్నాయి.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చింది. బాటసింగారం మార్కెట్‌కు బత్తాయి మళ్లీ ఆ బండిలోనే వెళుతోంది. బొలెరో పికప్‌లోనూ ఈ బండి ఇంజన్‌లోని 2523 సీసీలే వచ్చాయి, కానీ డీజిల్ వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో కామన్ రైలు గుండా, కంప్యూటర్ చెప్పిన క్షణాన చిమ్ముతుంది. పానాతో పాటు స్కానర్ కూడా కావాలి. మా బావ ఇప్పుడు ఆ పని నేర్చుకుంటున్నాడు.