నీడలో పెరిగిన మొక్కను ఆరుబయట పూయించడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ మాటలోని నిజం తెలియాలంటే పల్నాటికి రావాలి. రెంటచింతల ఎండలు వేసవిలో తరచు వార్తాపత్రికలకు ఎక్కేవే. గురజాల, మాచర్ల, పిడుగురాళ్ళ ప్రాంతాలలో నేల అడుగున సున్నపురాయి, ఇళ్ళ ముందు నాపబండలు. పగలంతా కాగిన బండ రాత్రి భోజనాల వేళకు కూడా చల్లారదు. అటువంటి చోట, నాలుగు గోడల మధ్య పెరిగిన మొక్కను ఒక్కసారిగా డాబా మీదికి చేర్చిన అవివేకం నాది. ఆ పొరపాటు వలన నేర్చుకొన్న విషయాలు పెరటి మొక్కలపై మక్కువ గల పాఠకులకు ఉపకరిస్తాయని వ్రాస్తున్నాను.

మా పుట్టిల్లు గురజాల చేరువలోని ఒక పల్లె. దొడ్డిలో బావి గట్టున అమ్మ పెంచిన పచ్చచామంతి ఏటా మార్గశిరంలో విరగబూసేది. పూజకు, సంక్రాంతి గొబ్బెమ్మలకు పోగా మిగిలిన పూలను అమ్మ నీడన ఆరబెట్టి జాడీలో దాచేది. ఎండన పడి వచ్చి కళ్ళు మండుతున్నాయన్న వారికి, నాలుగు ఎండుపూలు వేసి కాచి చల్లార్చిన నీటిలో శుభ్రమైన గుడ్డ తడిపి మూసిన రెప్పలపై వేసేది. కంటిలోకి చుక్క కూడా పోనిచ్చేది కాదు. ఆ జాగ్రత్త మీరూ పాటించాలి. చైనా దేశంలో ఎండు చామంతి పూలను వేడినీటిలో వేసుకొని త్రాగే అలవాటు శతాబ్దాల నాటిది. అయితే ఈ పనులకు అంగడి పూలు పనికిరావు. అమ్మకానికి పెంచే తోటలలో పురుగుమందులు చల్లుతారు గనుక ఇంట పూసిన పూలే కావాలి. చామంతి జాతి పూలు కొందరికి దద్దుర్లు, తుమ్ములు కలిగిస్తాయి; అటువంటి వారు వీటి జోలికి పోరాదు.

నాన్నగారు కాలం చేసిన తర్వాత అమ్మ నరసరావుపేటలో మా ఇంటికి వచ్చింది. వస్తూ తడిగుడ్డలో చుట్టి తెచ్చుకొన్న ఆస్తి నాలుగు చామంతి పిలకలు. మాది మేడమీది వాటా. కిందనైతే మేకలు, కోతులు. అందుచేత కుండీని హాలులో కిటికీ పక్కన ఉంచాను. మొక్క ఏపుగా పెరిగింది, ఆకు పచ్చగా నిగనిగలాడింది. కాని రెండు సంవత్సరాలు గడచినా ఒక్క మొగ్గ తొడగలేదు. అమ్మకు అప్పటికే చూపు మందగించింది. కార్తీకం వచ్చిందంటే చాలు, కుండీ దగ్గర చతికిలబడి చిగుళ్ళను వేళ్ళతో తడిమి, "అమ్మాయీ, ఇది మొగ్గేనంటావా?" అని అడిగేది. కాదని చెప్పడం నాకు ప్రాణాంతకంగా ఉండేది.

ఎండ లేకనే పూయడం లేదని మావారు తేల్చారు. సరేనని మే నెలాఖరులో, రోహిణి కార్తెలోనే, కుండీని డాబా మీద పెట్టించాను. మొదటి రోజు ఆకులు వ్రేలాడాయి. రెండవ రోజు వాటిపై సున్నం చిలికినట్లు తెల్లని మచ్చలు. మూడవ నాటికి ఆకు కాగితమై, నలిపితే పొడి అయింది. "నీడపట్టున పెరిగినదాన్ని నడివీధిలో నిలబెట్టావు కదే!" అన్నది అమ్మ. కాడలను మొదటికి కోసి కుండీని మెట్ల కింద చల్లని చోట పెట్టి, ఆశ వదులుకొన్నాం. మృగశిరలో తొలకరి పడిన వారానికి వేరు నుండి ఒకే ఒక పిలక లేచింది.

ఇక కారణం వినండి. వేసవి మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్సులు. ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగు కొన్ని వందల లక్సులకు మించదు. మన కన్ను ఎంత వెలుతురుకైనా సర్దుకొంటుంది గనుక ఈ తేడా మనకు తెలియదు, ఆకుకు తెలుస్తుంది. నీడలో పుట్టిన ఆకు పలుచగా, వెడల్పుగా ఉండి, దొరికిన కొద్ది వెలుతురును పట్టడానికే తయారవుతుంది. దానిపై అకస్మాత్తుగా పూర్తి ఎండ పడితే పత్రహరితం మాడిపోతుంది. అలా తెల్లబడిన భాగం మరల పచ్చబడదు. ఎండను తట్టుకోగలిగేది ఎండలో కొత్తగా పుట్టిన ఆకు మాత్రమే. కనుక ఆ కొత్త ఆకు వచ్చే వరకు పాత ఆకును కాపాడుకోవడమే ఇందులోని కిటుకు.

ఈ సంగతి మన మిరప నారు పెంచేవారికి బాగా తెలుసు. షేడ్‌నెట్ కింద పెరిగిన నారును పొలానికి పంపే ముందు కొన్ని రోజులు నీరు తగ్గించి, నెట్ తొలగించి, ఎండకు గాలికి అలవాటు చేస్తారు. పల్నాట పుట్టి కూడా నాకు ఆ బుద్ధి తోచలేదు.

రెండవసారి నేను చేసిన విధానం ఇది. పిలక జానెడు ఎదిగాక, మబ్బు పట్టిన ఒక సాయంత్రం కుండీని బయటికి తెచ్చి మూడు రోజులు పూర్తి నీడలో ఉంచాను. నాలుగవ రోజు నుండి ఉదయపు ఎండ ఒక గంట, తర్వాత ప్రతి దినం మరొక అరగంట చొప్పున పెంచాను. పది గంటల తర్వాతి ఎండ రెండవ వారం వరకు తగలనీయలేదు. కుండీని నాపబండపై నేరుగా పెట్టక, రెండు ఇటుకలు వేసి వాటిపై నిలిపాను. లేకుంటే అడుగు నుండి సెగ తగిలి వేరు ఉడికిపోతుంది. నీరు తెల్లవారుజామున పోశాను. ఈ పక్షం రోజులూ ఎరువు వేయలేదు. మధ్యాహ్నం ఆకు కొంచెం వాలి, సాయంత్రానికి నిలబడితే భయం లేదు. ప్రొద్దున కూడా వాలే ఉంటే ఒక మెట్టు వెనక్కి వెళ్ళాలి. గాలికి ఊగడం కూడా మంచిదే, కాడ గట్టిపడుతుంది.

మొక్క బ్రతికింది, గుబురు కట్టింది. అయినా ఆశ్వయుజం దాటినా మొగ్గ లేదు!

అప్పుడు గాని నేను పుస్తకాలు తిరగవేయలేదు. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రజ్ఞులు 1920లో ఒక విచిత్రాన్ని ప్రకటించారు. వేసవి పొలంలో ఎంత ఎత్తు పెరిగినా పూయని ఒక రకం పొగాకు మొక్కను రోజూ కొన్ని గంటలు ముందుగా చీకటి గదిలోకి చేర్చగా అది పూసింది. కొన్ని మొక్కలు పూయడానికి కావలసినది అధికమైన ఎండ కాదు, దీర్ఘమైన రాత్రి. చామంతి ఆ కోవలోనిదే. 1937 ప్రాంతంలో చైలఖ్యాన్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు చామంతిపైనే పరీక్షించి, రాత్రి పొడవును గుర్తించేది ఆకు అని, అక్కడి నుండి కబురు కొమ్మ చివరకు చేరుతుందని చూపాడు. కాబట్టి పూతకు ముందు ఆకులు దూయడం తప్పు. మన ప్రాంతంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు; డిసెంబరు నాటికి 11 గంటల పైచిలుకు. రాత్రి పెరిగే కొద్దీ మొక్క మొగ్గకు సిద్ధపడుతుంది. కాని ఆ రాత్రి నడుమ కాసేపు దీపం వెలిగినా లెక్క తప్పుతుంది. పూత ఆలస్యం కావాలనుకొనే పూల రైతులు అర్ధరాత్రి బల్బులు వెలిగించేది ఇందుకే.

మా హాలులో దీపం రాత్రి పదకొండు దాకా వెలిగేది. డాబా పిట్టగోడ పక్కనే వీధి దీపం తెల్లవార్లూ వెలుగుతుంది. అంటే మా చామంతికి మూడేళ్ళుగా రాత్రి అన్నదే లేదు.

మొక్కల పూతకు, పగటి నిడివికి సంబంధమున్నదని గార్నర్ కంటే ముందే, 1912లో, ఫ్రాన్సుకు చెందిన టూర్న్వా గమనించాడు. ఆయన పరీక్షించిన మొక్కలలో గంజాయి ఒకటి. ఈ మాట చెప్పగానే మా బంధువు ఒకాయన, "ఆయుర్వేదంలో విజయ అంటారుగా, మందుకోసం ఒక కుండీలో పెంచితేనేం?" అన్నాడు. ఎంతమాత్రం కూడదు. శాస్త్రంలో విజయ ఉన్నమాట నిజమే. కాని అది శోధన చేయనిదే వాడరానిది, ఔషధ నిబంధనల విషద్రవ్యాల పట్టికలో చేరినది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచితే పదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇంటి వైద్యానికి దానితో పని లేదు.

ఇతర మొక్కల విషయం క్లుప్తంగా. తులసికి, నేలవేముకు ఎండ అలవాటు చేసే పద్ధతి పైదే. తులసి ఆకు కావాలంటే వెన్నులు గిల్లుతూ ఉండాలి. నేలవేమును పూత మొదలైనప్పుడు కోస్తే చేదు, గుణము నిండుగా ఉంటాయి. గర్భిణులు దానిని తీసుకోరాదు, జ్వరం రెండు మూడు రోజులకు తగ్గకుంటే కషాయాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపించాలి. అశ్వగంధను మాత్రం కుండీ నుండి కదపకండి. తల్లివేరు దెబ్బతిని పాయలు పాయలుగా చీలుతుంది. విత్తనం నేరుగా మడిలోనే వేయాలి.

వీధి దీపాన్ని తీయించలేను గనుక పెద్ద వెదురు గంపకు రెండు పొరల నల్లగుడ్డ కుట్టించాను. రోజూ సాయంత్రం ఆరింటికి కుండీపై బోర్లించడం, ఉదయం ఏడింటికి తీయడం. ఒక్క పూట కూడా తప్పలేదు. ఊరికి వెళ్ళవలసి వస్తే పక్కవాటా పిన్నిగారికి అప్పగించేదాన్ని. అయిదవ వారంలో ఒక ఉదయం గంప తీసి, అమ్మ చేయి పట్టి చిగురుపై ఉంచాను. చాలాసేపు తడిమి, "ఇది మొగ్గే" అన్నది.

మొగ్గలకు రంగు తేలాక గంప మానివేశాను. భోగి ముందు రోజుకు పదిహేడు పూలు పూశాయి. అన్నీ గొబ్బెమ్మలకే పోయాయి; జాడీలో వేయడానికి ఒక్కటీ మిగలలేదు.