సత్యవచనము – సంఘసంస్కారము

రామకృష్ణాపూర్ ప్రాంతపు భూగర్భ గనులలో పనిచేసినవారి నోట మేము తఱచుగా వినిన మాట యొకటి కలదు. బొగ్గు తీయుటకు ముందు పైకప్పును తట్టి చూడవలెను. గట్టి కప్పు ఖంగున మ్రోగును. పొర వదలిన కప్పు బోలుగా పలుకును. ఆ సంగతిని సర్దారు వెంటనే చెప్పినచో అచట ఆధారములు నిలుపుదురు. పని ఆగిపోవునను జంకుతో అతడు ఊరకున్నను, కప్పు మాత్రము ఊరకుండదు.

సంఘమును అట్టిదే. లోపమును ఎఱుగనివారు తక్కువ. ఎఱిగియు పలుకనివారే ఎక్కువ. బాధ ననుభవించినవారు నలుగురి యెదుట పలికినప్పుడే నిజమునకు బలము కలుగును. ఇందుకు నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామము తెలుగునాట గొప్ప నిదర్శనము.

1991లో ఆ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము మొదలైనది. పగలు కూలికి పోయి రాత్రి పలక పట్టిన స్త్రీలు తమ వాచకములో సీతమ్మ కథను చదివిరి. అది సారా వలన చెడిన కాపురపు కథ. మగని కూలి సారా దుకాణమునకు పోవుట, పిల్లలు పస్తుండుట, ఇల్లాలు దెబ్బలు తినుట — ఇవన్నియు అంతవఱకు ఇంటి గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటని నేర్చినవారగుటచే ఎవరి దుఃఖమును వారే దాచుకొనిరి. చదువుకొనుచోట ఒకరి మాటకు ఒకరు తోడు పలికినంతనే, తలవ్రాత యనుకొనినది ఊరి సమస్యయై నిలిచినది.

వర్ధినేని రోశమ్మ మొదలగువారు ముందు నడచి ఊరి సారా దుకాణమును మూయించిరి. 1992లో ఆ మాట జిల్లా యంతటను ప్రాకి, సారా వేలములు పలుమాఱులు నిలిచిపోయినవి. ఆబ్కారీ రాబడి పోవునను వాదమునకు ఎదురుగా స్త్రీలు తమ ఇంటి లెక్కను నిలిపిరి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటను సారా నిషేధింపబడినది. బొగ్గు గనుల కార్మిక వాడలకును ఆ ఉత్తరువు వర్తించినది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది.

1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినది. అంతమాత్రమున నాటి పలుకు వ్యర్థమనరాదు. గని కప్పును ఒక్కనాడు తట్టి చూచిన చాలదు. షిఫ్టు షిఫ్టునకును తట్టవలెను. చట్టము ఆధారము వంటిది. ఎచట బోలుగా నున్నదో చెప్పు గొంతు లేనిచో, ఆధారమును ఎచట నిలుపవలెనో ఎవరికిని తెలియదు.

మన యింట, మన వీధిలో, తెలిసియు మనము పలుకక దాచుచున్నదేదో ఈ పూట ఆలోచించుకొందము.