రోగి కంటే ముందే కబురు చేరాలి

ఎల్లారెడ్డి నుంచి లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్లు. రాత్రివేళ పొలానికి నీళ్లు పెట్టబోయిన రైతును పాము కరిచిందనుకుందాం. ఎల్లారెడ్డి దవాఖానలో విషానికి విరుగుడు మందు ఎక్కించి, పై వైద్యానికి కామారెడ్డి పంపారు. అక్కడి డాక్టరుకు ముందుగా కావలసినవి మూడే ముక్కలు: పాము కరిచింది ఎన్నింటికి? మందు ఎన్ని సీసాలు ఎక్కించారు? ఏ వేళకు ఎక్కించారు?

రక్తపింజర కాటుతో రక్తానికి గడ్డకట్టే గుణం పోతుంది. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన పొడి గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా వుంచి చూస్తారు. మందు ఎక్కించిన 6 గంటలకు మళ్లీ అదే పరీక్ష చేస్తారు. అప్పటికీ గడ్డకట్టకపోతే మరో విడత మందు ఇవ్వాలి. ఆ 6 గంటలు ఎప్పటినుంచి లెక్కించాలి? చీటీలో వేళ రాయకపోయినా, చీటీ జేబులో చెమటకు తడిసిపోయినా లెక్క తప్పుతుంది. ఇంటివారిని అడిగితే "చీకటి పడ్డాక" అంటారు. ఆ గాభరాలో గడియారం చూసేదెవరు?

అత్యవసర విభాగానికి సమాచార వ్యవస్థ అనగానే కంప్యూటర్లు కొనడమేనని అనుకుంటారు. అసలు పని అంతకు ముందే వుంది. ఏ కబురు, ఎవరు, ఎవరికి, ఎంతసేపట్లో అందించాలో తేల్చుకోవాలి. ఆ తరువాతే యంత్రాలు. కరెంటు పోతే రాసుకునేందుకు పక్కన గీతల పుస్తకం కూడా వుండి తీరాలి.

తమిళనాడులో ఇలాంటి ఏర్పాటు చేశారు. 108 సిబ్బంది దారిలోనుంచే దవాఖానకు ముందుగా కబురు పెడతారు. రాగానే రోగులను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గాలుగా విడదీస్తారు. ఆ 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే పుట్టింది కదా!

కామారెడ్డి 2016 అక్టోబరులో జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. కాబట్టి మారుమూల పల్లెల చూపు ఇటే వుంటుంది. 2025 ఆగస్టు చివరి వరదల్లో హైదరాబాదు జాతీయ రహదారిపైనా, రైలు మార్గంలోనూ రాకపోకలు నిలిచిపోయాయి. ఏ దారి తెగింది, ఏ దవాఖానకు చేరవచ్చు అన్న కబురు కూడా ఈ ప్రణాళికలో భాగం కావలసిందే.

కేంద్ర ప్రభుత్వం 2021లో దేశమంతటా ప్రారంభించిన డిజిటల్ ఆరోగ్య పథకం కింద 14 అంకెల 'ఆభా' సంఖ్య ఇస్తున్నారు. రోగి సమ్మతిస్తే పాత వైద్య వివరాలు మరో దవాఖానలోనూ చూడవచ్చు. మంచిదే. కాని స్పృహ తప్పిన మనిషి సమ్మతి చెప్పలేడు, ఫోను చూసి అంకెలూ చదవలేడు. అందుకని పంపే దవాఖాన నుంచి చేర్చుకునే దవాఖానకు నేరుగా ఒక ఫోను వెళ్లడం తప్పనిసరి చేయాలి.

రోగి వెంట వెళ్లేవారు మందు వేళను చీటీ మీద రాయించుకుని, బయలుదేరే ముందే ఫోనుతో ఫోటో తీసుకోవాలి. చీటీ తడిసినా ఆ వేళ డాక్టరుకు చూపవచ్చు.