ఆర్గాన్ నాదం పియానోలో పలికేదెలా?

తుళ్లూరు చుట్టుపక్కల పద్యనాటకాలు చూసినవాళ్లకు హార్మోనియం బలం తెలుసు. నటుడు పద్యం చివర ఎంతసేపు రాగం తీసినా, మెట్టు మీద వేలు, తిత్తిలో గాలి ఉన్నంతవరకూ స్వరం నిలుస్తుంది. అదే రాగాన్ని వీణ మీద పలికిస్తే, మీటిన క్షణం నుంచే నాదం సన్నగిల్లుతుంది. అందుకే వైణికులు అవసరమైనచోట మళ్లీ మీటుతారు, తీగను లాగి గమకం పలికిస్తారు. జర్మన్ సంగీతకర్త బాక్ (1685–1750) ఆర్గాన్ రచనలను పియానోకు మలిచినవారిదీ ఇదే చిక్కు.

చర్చిల్లోని పెద్ద ఆర్గాన్ కూడా గాలితో పలికేదే. ఎనిమిది అడుగుల తెరిచిన గొట్టం సెకనుకు సుమారు 65 కంపనాల స్వరం ఇస్తుంది. పదహారు అడుగులదైతే అందులో సగం, అంటే ఒక స్థాయి కిందికి దిగుతుంది. స్టాపులనే పిడులు లాగి ఇలాంటి గొట్టాల వరసలను కలిపితే, ఒక్క మెట్టు నొక్కినా రెండు మూడు స్థాయిలు ఒకేసారి మోగుతాయి. పైగా మంద్ర స్వరాలకు పాదాల కింద వేరే మెట్ల వరస ఉంటుంది. పియానోలో సుత్తి తీగను కొట్టి వెనక్కి వస్తుంది, ఆ క్షణం నుంచే నాదం సన్నగిల్లుతుంది. స్వరాలన్నీ రెండు చేతులే పలికించాలి.

హంగేరీకి చెందిన పియానిస్టు లిస్ట్ 1852లో బాక్ ఆర్గాన్ ప్రెల్యూడ్‌లు, ఫ్యూగ్‌లు ఆరింటిని పియానోకు మలిచి ప్రచురించాడు. ఇటలీకి చెందిన పియానిస్టు బుసోనీ ఈ కళ గురించి 1894లో విపులంగా రాశాడు. ఇలా మలిచినప్పుడు పాదాలు వాయించే మంద్ర స్వరం ఎడమచేతికి వస్తుంది. దాని కింది స్థాయినీ కలిపి వాయిస్తే పదహారు అడుగుల గొట్టం గాంభీర్యం కొంత దక్కుతుంది. చెయ్యి పై స్వరాలకు వెళ్లాల్సి వస్తే కుడి పెడల్ తొక్కి తీగలను మోగనిస్తారు. స్వరమేళం మారగానే పెడల్ వదిలి మళ్లీ తొక్కాలి. లేకపోతే పాతదీ కొత్తదీ కలిసి గజిబిజి అవుతుంది.

పోయేదే కాదు, వచ్చేదీ ఉంది. ఆర్గాన్ మెట్టును ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు. పియానోలో పెరుగుతుంది. ఫ్యూగ్‌లో ఒకే బాణీ ఒక గొంతు తర్వాత మరో గొంతులో ప్రవేశిస్తుంది. మధ్య గొంతులో దాగిన బాణీని పియానిస్టు ఒక్క వేలి బరువుతో పైకి తేగలడు.

బాక్ కూడా ఇటలీ సంగీతకర్త వివాల్డి వయొలిన్ కచేరీ రచనలను ఆర్గాన్‌కు మలిచాడు. మన పద్యరాగాలను పియానోకు తేవాలనుకునే యువకళాకారులు అతని దారినే నడవవచ్చు. ప్రతి స్వరాన్నీ యథాతథంగా దించుకోవడం కన్నా, శ్రోత చెవిన ఏది నిలవాలో ముందు తేల్చుకుని, దాన్ని కొత్త వాద్యం తన బలంతో పలికేలా రాసుకోవాలి.