పేకముక్కల ఇంద్రజాలం - పుస్తకాల ఎంపిక

పేకముక్కల ఇంద్రజాలం అనగా మామూలు పేకకట్టతో, హస్తలాఘవం వలన గానీ, గణిత సూత్రాల వలన గానీ, చూసేవారి దృష్టిని మళ్ళించడం వలన గానీ చేసే వినోద ప్రదర్శన. ఖరీదైన సామగ్రి అక్కరలేదు కనుక ఇంద్రజాలం నేర్చుకొనేవారిలో చాలామంది దీనితోనే మొదలుపెడతారు. నేర్పే గురువు దగ్గరలో లేనప్పుడు పుస్తకమే ఆధారం. హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ రహదారిపై సుమారు 30 కి.మీ. దూరంలో ఉన్న ఇబ్రహీంపట్నం (రంగారెడ్డి జిల్లా) వంటి మండల కేంద్రంలోని విద్యార్థికి ఈ ఎంపిక మరింత ముఖ్యం. తగని పుస్తకం కొంటే పోయేది డబ్బు మాత్రమే కాదు. వేళ్ళకు ఒకసారి అలవాటైన తప్పు పట్టును మాన్పించడం కొత్తగా నేర్చుకొనడం కంటే కష్టం.

తెలుగు పాఠకుని స్థితి

తెలుగులో ఇంద్రజాలంపై వ్రాసినవారు ఉన్నారు. మనస్తత్వ నిపుణుడు, ఇంద్రజాలికుడు అయిన బి.వి.పట్టాభిరాం (మరణం 2025), బాలసాహిత్య రచయిత కూడా అయిన చొక్కాపు వెంకటరమణ వీరిలో ప్రసిద్ధులు. అయితే నాణెం, దారం, రుమాలు, పేక అన్నీ కలిపి చెప్పే పుస్తకాలలో పేకకు దక్కే పుటలు కొద్ది. పేకను మాత్రమే తీసుకొని, పట్టుకొనే తీరు మొదలు క్రమంగా నేర్పే ప్రామాణిక గ్రంథాలు ఎక్కువగా ఆంగ్లంలో ఉన్నాయి. కనుక ఆసు, రాజు, రాణి, ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమను అని ఇంట్లో నేర్చిన పేర్లకు ఆంగ్ల పేర్లు, అలాగే కలపడం, కోయడం, పంచడం వంటి పనులకు ఆంగ్ల పదాలు ముందుగా తెలుసుకొంటే చదవడం సులభమవుతుంది.

ఇంకొక అడ్డంకి ఇంటివారి నుండి వస్తుంది. పేకాటను హాస్యంగా చతుర్ముఖ పారాయణం అన్నా, పిల్లల చేతిలో పేక కనిపిస్తే జూదం గుర్తుకు రాక మానదు. ఈ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు; ఈ విద్యలోని మెళకువలు కొన్ని జూదరుల నుండి వచ్చినవే. మొదటి పుస్తకం ఎంచుకొనేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పుస్తకాన్ని పరీక్షించే విధానం

"వంద ట్రిక్కులు" అని అట్టపై ఉన్నంత మాత్రాన పుస్తకం మంచిది కాదు. అందరికీ తెలిసిన 21 ముక్కల గారడీని అది ఎలా వివరిస్తుందో చూస్తే చాలు. ప్రేక్షకుడు 21 ముక్కలలో ఒకటి మనసులో అనుకొంటాడు. ముక్కలను వరుసకు మూడు చొప్పున, మూడు నిలువు దొంతరలుగా పంచి, అతని ముక్క ఉన్న దొంతరను మిగిలిన రెండింటి మధ్య పెట్టాలి. ఇలా మూడుసార్లు చేస్తే అనుకొన్న ముక్క 11వ స్థానానికి చేరుతుంది. చాలా పుస్తకాలు ఇక్కడితో ఆపివేస్తాయి.

కారణం చెప్పే పుస్తకం ఇంకా ముందుకు వెళ్తుంది. మొదటిసారి పేర్చాక ఆ ముక్క 8 నుండి 14వ స్థానాల మధ్య ఉంటుంది. రెండవసారి పంచినప్పుడు ఆ ఏడు స్థానాలు 3, 4, 5 వరుసలలోకి వస్తాయి, కాబట్టి మళ్ళీ పేర్చాక అది 10, 11, 12 స్థానాలలో ఒకదానిలో ఉంటుంది. ఈ మూడూ తరువాతి పంపకంలో 4వ వరుసలోనే పడతాయి. పైన ఒక దొంతర, అంటే 7 ముక్కలు ఉంటాయి కనుక 7+4=11. ఇది తెలిసినవాడు మధ్యలో తడబడినా సరిదిద్దుకోగలడు. 27 ముక్కలతోనైతే, దొంతరను ఎక్కడ పెట్టాలో లెక్కించి, ముక్కను కోరిన స్థానానికి చేర్చవచ్చును. దీని గణితాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జెర్గాన్ 19వ శతాబ్దం మొదట్లోనే పరిశీలించాడు.

వివరణతో పాటు, ముక్కలు కదిలే సమయంలో ఏమి మాట్లాడాలో, ఎటు చూడాలో చెప్పడం కూడా మంచి పుస్తకం లక్షణం. రహస్యం తెలిసినంత మాత్రాన ప్రదర్శన రాదు.

ప్రసిద్ధ గ్రంథాలు

పేక గారడీల గుట్టు విప్పిన తొలి ఆంగ్ల గ్రంథాలలో రెజినాల్డ్ స్కాట్ 1584లో ప్రచురించినది ఒకటి. అది ఇప్పుడు చరిత్ర కొరకు చదవదగినది.

హస్తలాఘవం లేకుండా మొదలుపెట్టేవారికి కార్ల్ ఫుల్వ్స్ వ్రాసిన సెల్ఫ్ వర్కింగ్ కార్డ్ ట్రిక్స్ (1976) తగినది. ఇందులో 72 అంశాలు ఉన్నాయి. జాన్ స్కార్న్ పుస్తకం (1950) కూడా ఇదే కోవకు చెందుతుంది. స్విట్జర్లాండుకు చెందిన రొబెర్టో జాబి కార్డ్ కాలేజ్ లైట్‌లో 21 అంశాలను మూడేసి చొప్పున ఏడు కార్యక్రమాలుగా కూర్చాడు. ఏది ముందు, ఏది చివర అన్న ప్రశ్నకు ఇది మంచి సమాధానం.

చేతి పని నేర్చుకోదలచినవారు జీన్ హ్యూగార్డ్, ఫ్రెడరిక్ బ్రౌ 1940ల చివరలో వెలువరించిన ద రాయల్ రోడ్ టు కార్డ్ మ్యాజిక్ తీసుకోవచ్చును. మొదటి అధ్యాయంలో మామూలుగా పేక కలపడం నేర్పి, దానితో వెంటనే చేయగల గారడీలు ఇస్తుంది. ఇలా అధ్యాయం అధ్యాయానికీ ఒక మెళకువ, దానికి తగిన ప్రయోగాలు ఉంటాయి. జాబి ఐదు సంపుటాల కార్డ్ కాలేజ్ ఇంతకంటే విపులం, కానీ ఖరీదు ఎక్కువ. మొదటి సంపుటం ముగిసేవరకు రెండవది కొననవసరం లేదు.

ఎస్.డబ్ల్యు.ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో 1902లో వెలువడిన ది ఎక్స్‌పర్ట్ ఎట్ ద కార్డ్ టేబుల్ ఈ రంగంలో మిక్కిలి ప్రసిద్ధమైనది. డాయ్ వెర్నన్ (1894-1992) వంటి మేటి దీనిని జీవితమంతా అధ్యయనం చేసాడు. కాపీహక్కులు తీరినందున ఉచితంగా దొరుకుతుంది, అందుకే కొత్తవారు ముందుగా దీనినే తెరుస్తారు. ఇది పొరపాటు. ఇందులో మొదటి భాగం జూదపు బల్ల మోసాల గురించినది. ఇంద్రజాలం తరువాత వస్తుంది. వాక్యాలు బిగువుగా ఉండి, ముందే చేయి తిరిగినవారికి మాత్రమే బోధపడతాయి.

కొనేముందు

హైదరాబాదులో కోఠి పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం ఆబిడ్స్ కాలిబాటపై వెలిసే అంగళ్ళు చవకగా వెదకడానికి అనువైనవి. పాత ప్రతిలో బొమ్మల పుటలు చిరగకుండా ఉన్నవో లేదో చూసుకోవాలి, బొమ్మ లేని చోట వేళ్ళ అమరిక మాటలతో అందదు. బొమ్మలు సాధారణంగా కుడిచేతి వాటం వారికి గీసినవి. ఎడమచేతి వాటం వారు వాటిని అద్దంలో చూసి అభ్యసించవచ్చును. పేకకట్ట వెడల్పు కూడా గమనించదగినది: పోకర్ ముక్క సుమారు 63.5 మి.మీ., బ్రిడ్జి ముక్క సుమారు 57 మి.మీ. ఉంటాయి. చిన్న చేతులకు రెండవది సులువుగా అమరుతుంది.