గిడ్డంగి దుమ్ములోని జ్వరము

ఎలుక యనగానే మన రైతుసోదరులకు తోచునది కన్నముపడిన గోనెసంచియు, మొదలంట కొరికిన వరిదుబ్బును. పెద్దలకు ప్లేగు జ్ఞప్తికి వచ్చెడిది. ఈ మాసము మేము వ్రాయబూనినది మఱియొక నష్టమును గూర్చి. ఎలుకల మూత్రము, పెంటికలు ఎండి దుమ్ములో కలియును. ఆ దుమ్మును పీల్చినవారికి ఒకవిధమగు జ్వరము సోకవచ్చును. దీనికి కారణమగు సూక్ష్మజీవులను హంటావైరసులందురు.

1951 మొదలుకొని కొరియా యుద్ధమున 3,000కు పైగా సైనికులకు ఈ జ్వరము తగిలెను. తలయు నడుమును విపరీతముగా నొచ్చును, కన్నులెఱ్ఱబాఱును, చర్మముక్రింద నెత్తురు చుక్కలు దేలును, పిమ్మట మూత్రము తగ్గి మూత్రపిండములు చెడును. కారణము చాలకాలము దొరకలేదు. 1976లో హో వాంగ్ లీ యను కొరియా శాస్త్రజ్ఞుడు ఒక పొలపు చిట్టెలుక ఊపిరితిత్తులలో దాని జాడ గని, హంటాన్ నదిపేర దానికి పేరిడెను. ఆ యెలుక చేలలో తిరుగునది. జ్వరము కోతలకాలమున హెచ్చునది. వరి పండించు మనకు ఈ మాట పరాయిది కాదు.

ఈ వైరసులలో భేదములు మెండు. సాధారణముగా ఒక్కొక్క జంతుజాతి తనకు తగిన వైరసునే మోయును. మోయుదానికి మాత్రము రోగచిహ్నమే కానరాదు. వీని జన్యుపదార్థము మూడు తునకలుగా నుండును. దగ్గఱి చుట్టములగు రెండు వైరసులు ఒకే యెలుకలో చేరినచో ఆ తునకలను మార్చుకొని క్రొత్త సంకరము పుట్టవచ్చును. రెండు వంగడములను కలిపి మూడవదానిని తీయుట మన మెఱిగినదే గదా. ఐరోపా యుత్తరభాగపు పూమలా వైరసువలన చచ్చువారు నూటికి ఒక్కరైన నుండరు; హంటాన్ వైరసువలన నూటికి 5 మొదలు 15 వఱకు. అమెరికాలో 1993లో బయలుపడిన జాతి ఊపిరితిత్తులను పట్టును. దానివలన నూటికి ముప్పదికి మించి చత్తురు. సియోల్ వైరసు ఓడలలో తిరుగు గోధుమవన్నె యెలుకతో రేవురేవునకు ప్రాకినది.

మన పొరుగుననే మఱియొకటి గలదు. 1964లో వేలూరునందలి తోటపాళెమున ఒక చుంచెలుకనుండి వైరసును వేఱుచేసిరి. రాత్రులు గోడవార కిచకిచలాడుచు కంపు కొట్టునదే ఆ చుంచెలుక. నిజమునకది యెలుకజాతియే కాదు, పురుగులు దినెడి జంతువు. తోటపాళెము వైరసనబడు నిది హంటాన్ వైరసుకంటె ముందే చిక్కినదైనను, ఆ కుటుంబమునకు చెందినదని తరువాతగాని తేలలేదు. జన్యువులను పోల్చిచూడగా తక్కినవానికి మిక్కిలి దూరపుశాఖ. కావున ఒక జాతికై చేసిన నెత్తురుపరీక్ష మఱియొక జాతిని పట్టలేకపోవచ్చును. ఇది మనుష్యులకు హాని చేయునని ఋజువు కాలేదు.

అయినను వేలూరి క్రైస్తవ వైద్యకళాశాలవారు పాల్గొని 2008లో ప్రకటించిన పరిశోధనలో, హంటావైరసు సోకిన గుర్తులు కొందఱి నెత్తురున కనబడినవి. పరీక్షింపబడినవారిలో గిడ్డంగి కూలీలును, ఎలుకలను పట్టు గిరిజనులును గలరు. దీనిని చదివినపుడు మాకు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల ధాన్యపుకొట్లును, మన పొలములలో పందికొక్కుల కన్నములు త్రవ్వు యానాదులును కన్నులకు గట్టిరి. పల్నాట ఈ జ్వరము ప్రబలినదని మేము చెప్పుటలేదు.

మా తప్పొకటి ఒప్పుకొనవలెను. క్రొత్తధాన్యము పోయుటకుముందు కొట్టును బాగుగ ఊడ్పింపుడని యెన్నో గ్రామముల జెప్పితిమి. ముక్కపురుగుమీదనే మా దృష్టి. ఒకచోట ఊడ్చుచున్న ముసలమ్మ కొంగు ముక్కునకు జుట్టుకొని, "అయ్యగారూ, ఈ దుమ్ముకు రెండుదినములు దగ్గు వదలదండీ" యన్నది. మేము నవ్వి యూరకుంటిమి.

ఇకమీదట పొడిచీపురు వలదు. తలుపులు తెఱచి అరగంట గాలి యాడనిండు. బ్లీచింగుపొడి కలిపిన నీటిని చల్లి, పెంటికలు నానినపిమ్మట చేతితొడుగులతో తుడిచి యెత్తి పూడ్చవలెను. చచ్చిన యెలుకను వట్టిచేత ముట్టరాదు. బస్తాలు గోడకు ఎడముగా బల్లలపై నుండవలెను. జ్వరముతో నడుమునొప్పియు మూత్రము తగ్గుటయు గలిగినచో, ఎలుకలున్నచోట పనిచేసితినని వైద్యునకు తప్పక చెప్పవలెను. లేనిచో డెంగీయని గాని, ఎలుకలవలననే వచ్చు లెప్టోస్పైరా జ్వరమని గాని పొరపడుటకు వీలున్నది. దీనికి ప్రత్యేకౌషధము లేదు. వేళకు ఆసుపత్రి చేరి మూత్రపిండములకు చికిత్స జరిగినచో పెక్కుమంది బ్రతుకుదురు.

కోతలు సమీపించుచున్నవి. గిడ్డంగికూలీలకును యానాదులకును తొడుగులు, ముక్కుగుడ్డలు సంఘపు సొమ్ముతో కొనవలెనను ప్రతిపాదనను వచ్చు సమావేశమున సభ్యులెవరైన దెచ్చినచో, వానిని వాడు విధము చూపుటకు మేము వచ్చెదము.